గణవిభజన చెప్పి రాయించే విద్యార్థి



అధ్యక్షోపన్యాసానికి మన దగ్గర ఒక ఒరవడి ఉంది. నన్నయతో మొదలుపెట్టి నిన్నటి కవిత దాకా వచ్చి, పిల్లలు ప్రాచీన సాహిత్యం చదవడం లేదని నొచ్చుకుని కూర్చోవాలి. ఇవాళ ఆ ఒరవడి తప్పుతున్నాను. మన శాఖల్లో చేరినవాళ్ల చదువు ఎక్కడ తట్టుకుని ఆగిపోతోంది, ఆగకుండా విశ్వవిద్యాలయం ఏం చేయాలి, అందులో రాసేవాళ్లుగా, పాఠం చెప్పేవాళ్లుగా మన వంతు ఎంత? నేను మాట్లాడబోయేది ఇదే. సాహిత్య సభలో ఈ సంగతేమిటని అనుకునేవారు కాస్త ఓపిక పట్టండి.

ఎం.ఏ. తెలుగు ఛందస్సు పరీక్ష జరుగుతోందనుకుందాం. చూపులేని విద్యార్థి ఒకడు విడిగా చిన్న గదిలో కూర్చున్నాడు. పక్కన, అతను చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్. ప్రశ్న: ఉత్పలమాల లక్షణాలు రాసి, ఇచ్చిన పద్యానికి గణవిభజన చేయండి. మనవాడికి పద్యం నోటికి వచ్చు. భ ర న భ భ ర వ అని తడుముకోకుండా చెబుతాడు. కాని కాగితం మీద పాదానికి 20 గుర్తులు, నాలుగు పాదాలకు 80 గుర్తులు పడాలి. ‘గురువు, లఘువు, లఘువు’ అని ఒక్కొక్కటీ చెబుతూ పోవాలి. రాసే కుర్రాడు బీకాం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాడు, పదో తరగతి తర్వాత తెలుగు రాసి ఎరగడు. గురువుకు అర్ధచంద్రాకారం పెట్టాలా, నిలువు గీత పెట్టాలా అని మధ్యలో అడుగుతాడు. ‘బండి ఱ’ అంటే బిత్తరపోతాడు. అరసున్న సంగతి సరేసరి. ఒక అక్షరం ఎగిరిపోతే అక్కడినుంచి గణాలన్నీ జారిపోతాయి. రాసింది కళ్లారా చూసుకునే వీలు మనవాడికి లేదు. మళ్లీ మొదటినుంచి చదివించుకోవాలి. ఈలోగా గడియారం ఆగదు.

అలాంటి స్క్రైబ్ ఎందుకు దొరుకుతాడంటే, దాని వెనక ఒక నిబంధన కథ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో ఇచ్చిన పరీక్షల మార్గదర్శకాలు, విద్యార్థి తానే తెచ్చుకునే స్క్రైబ్ చదువు అతని చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్నాయి. కాపీలు జరగకుండా పెట్టిన షరతు, కాదనను. స్క్రైబుల జాబితా పెట్టుకుని విశ్వవిద్యాలయమే మనిషిని ఇవ్వొచ్చని కూడా అవే చెప్పాయి. ఆ జాబితా తయారుగా ఉన్న ఎగ్జామ్ బ్రాంచిలు మన చుట్టుపక్కల ఎన్ని? తెలుగు రాయడం వచ్చినవాళ్లను విడిగా ఎంచి పెట్టుకున్నవి ఎన్ని? విద్యార్థే హాస్టల్ గదులన్నీ తిరిగి, వాళ్లనూ వీళ్లనూ బతిమాలి ఒకణ్ని ఒప్పించుకుంటాడు. పరీక్ష రోజు పొద్దున ఆ అబ్బాయికి జ్వరమొస్తే ఇతని సెమిస్టరు గోవిందా. తర్వాత స్పాట్ వాల్యుయేషన్‌లో జవాబుపత్రం మన ముందుకొస్తుంది. దాని మీద కోడ్ నంబరే ఉంటుంది. అక్షరదోషాల కింద ఎర్ర గీతలు గీసుకుంటూ పోతాం. ఆ తప్పులు స్క్రైబ్‌వి, కోసే మార్కులు విద్యార్థివి.

చట్టం లేక ఇలా జరుగుతోందనుకోకండి. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లోనూ, ప్రభుత్వ సాయం పొందేవాటిలోనూ 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవాళ్లకు కనీసం 5 శాతం సీట్లు, వయసులో అయిదేళ్ల సడలింపు ఇవ్వాలంది. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయమని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. అంటే మూడు గంటల పేపరుకు నాలుగు గంటలు. చేతి వేళ్లు బిగుసుకుపోయి రాయలేని ఒక సివిల్స్ అభ్యర్థికి స్క్రైబ్‌ను ఇవ్వబోమని యూపీఎస్సీ అంటే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో ఆ వాదన తోసిపుచ్చింది. 40 శాతం సర్టిఫికెట్ లేకపోయినా, రాయడం నిజంగా కష్టమైనవాళ్లకు ఆ సాయం హక్కేనంది. ఈ తీర్పు గురించి ఎన్ని కాలేజీల ప్రిన్సిపాళ్లు విన్నారో నేను చెప్పలేను. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం క్యాంపుల చుట్టూ తిరిగిన విద్యార్థి, అది చేతికొచ్చాక మళ్లీ ప్రతి సెమిస్టరుకూ కొత్తగా అర్జీ పెట్టుకుని, ప్రతి గుమస్తాకూ తన కథ మొదటినుంచి చెప్పుకోవడం మాత్రం చూస్తూనే ఉన్నాను.

ఏ అర్జీ లేకుండానే పని జరిగిన కథ కూడా మనకు ఒకటుంది. చూపు సరిగా ఆనని ద్వారం వెంకటస్వామి నాయుడు 1919లో విద్యార్థిగా చేరదామని విజయనగరం సంగీత కళాశాలకు వెళితే, ఆదిభట్ల నారాయణదాసు ఆ వయొలిన్ విని, ఏకంగా ఆచార్యుడిగానే తీసుకున్నారని చెబుతారు. గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కాని ప్రతి కళాశాలకూ ఒక నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా దొరకడు. అందరు విద్యార్థులూ ద్వారంవారంతటి విద్వాంసులూ కారు. సామాన్యుడైన విద్యార్థికి సామాన్యుడైన ప్రిన్సిపాల్ హయాంలో కూడా పని జరగాలంటే పద్ధతి ఉండాలి, బాధ్యుడైన మనిషి ఉండాలి, గడువు ఉండాలి.

ఇక మనకు నేరుగా తగిలే సంగతి. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది పుస్తకాలు వేసినవారే. ఆ పుస్తకాల ఫైళ్లు ఏ రూపంలో ఉన్నాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. డీటీపీ సెంటర్‌లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు. అచ్చులో అక్షరాలు ముచ్చటగా వస్తాయి. కాని కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు. తెర మీద కనిపించే ‘అ’ వెనక ఏదో ఇంగ్లీషు అక్షరమో, ఆశ్చర్యార్థకమో, డాలరు గుర్తో దాక్కుని ఉంటుంది. చూపులేని విద్యార్థి ఆ పీడీఎఫ్‌ను స్క్రీన్ రీడర్‌తో తెరిస్తే, వినపడేది మీ విమర్శ కాదు. అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు గడగడా వినిపిస్తాయి. స్కాన్ చేసి పెట్టిన పుస్తకమైతే అదీ వినపడదు, మౌనమే. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు చోటుంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని యువకులు తయారుచేసి 2006లో ఉచితంగా విడుదల చేశారు. దాని గొంతు తెలుగు కూడా చదువుతుంది. సమాసాల దగ్గర తడబడుతుంది, పద్యాన్ని వచనంలా లాగించేస్తుంది, అయినా చదువుతుంది. సాధనం సిద్ధంగా ఉంది. దానికి పెట్టడానికి మన దగ్గర పాఠమే లేదు.

ఫలితం ఏమిటంటే, చరిత్రలోనో ఆర్థికశాస్త్రంలోనో చేరిన చూపులేని విద్యార్థి ఇంగ్లీషులో ఏదో ఒకటి విని నెట్టుకొస్తున్నాడు. సొంత భాష మీద ప్రేమతో తెలుగు శాఖలో చేరినవాడికే పుస్తకం అందడం లేదు. స్నేహితుణ్ని బతిమాలి ఫోన్‌లో చదివించుకుంటాడు. ఆ స్నేహితుడికి ఓపికున్నంత మేరే అతని సిలబస్. మిగతా శాఖలవాళ్లకు ఈ మాట చెప్పే ముందు మనం తలవంచుకోవాల్సిన చోటు ఇది. తెలుగు వికీసోర్సులో స్వచ్ఛందంగా కూర్చుని పాత పుస్తకాలను పేజీ పేజీ దిద్దుతున్నవాళ్లూ, ఆంధ్రభారతిలో నిఘంటువులను వెతుక్కునే వీలు కల్పించినవాళ్లూ చేసిన మేలు, మన సంస్థలన్నీ కలిసి చేసినదానికంటే ఎక్కువంటే అతిశయోక్తి కాదు.

కాపీరైటు సంగతి లేవనెత్తేవారికి ఒక మాట. వైకల్యం ఉన్నవారు చదువుకోవడానికి వీలైన రూపంలోకి పుస్తకాన్ని మార్చి ఇవ్వడం తప్పు కాదని 2012 సవరణతో మన కాపీరైటు చట్టమే చెప్పింది. ఇదే పనికోసం 2013లో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014 జూన్‌లో మొట్టమొదట ఆమోదించిన దేశం మనదే. చట్టం ముందే దారి ఇచ్చింది. ఫైలు ఇవ్వాల్సింది మనం.

కంటికి కనపడని కష్టం గురించీ చెప్పాలి. పల్లె నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్ల మొదటి సెమిస్టరులో రెండు బ్యాక్‌లాగులు మిగుల్చుకుంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక హాల్ టికెట్ ఆగుతుంది. అటెండెన్స్ తగ్గి కండొనేషన్ ఫీజు పడుతుంది. ఇంటికి ఫోన్ చేస్తే ‘బాగానే ఉన్నా నాన్నా’ అంటుంది. మన దగ్గరికొస్తే ‘తలనొప్పి సార్, నిద్ర పట్టట్లేదు’ అంటుంది. అంతకుమించి చెప్పదు. రెమెడియల్ క్లాసులు టైంటేబుల్ మీద ఉంటాయి, గదిలో ఎవరూ ఉండరు. కౌన్సెలర్ ఉన్న చోట కూడా ఆ మనిషి ఇంగ్లీషులోనో హిందీలోనో పలకరిస్తే ఈ పిల్ల నోరు విప్పదు. ఏడుపు పరాయి భాషలో రాదు కదా.

నీట్ శిక్షణకని విశాఖపట్నం వచ్చిన 17 ఏళ్ల అమ్మాయి 2023లో మరణించింది. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 జూలై 25న కోర్టు దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్‌గానీ, మనస్తత్వ నిపుణుడుగానీ, సామాజిక కార్యకర్తగానీ ఒక్కరైనా ఉండాలన్నది అందులో ఒకటి. మన నేల మీద పుట్టిన విషాదం నుంచి వచ్చిన తీర్పు కాబట్టి ముందుగా మనమే అమలు చేసి ఉండాల్సింది. పాఠం చెప్పే ఉపాధ్యాయుడికే అదనంగా ‘కౌన్సెలర్’ అని బోర్డు తగిలించి లెక్క చూపిస్తే ఆ తీర్పు అమలైనట్టు కాదు. మార్కులు వేసే మనిషికి ఏ విద్యార్థీ మనసు విప్పడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రతి హాస్టల్ గోడ మీదా మెస్ మెనూ పక్కన దాన్ని రాయించడానికి ఏ నిధులూ అక్కర్లేదు.

ప్రతి గుమస్తాకూ కథ చెప్పుకోవాల్సి రావడం గురించి అమెరికా వెళ్లిన మన పిల్లలు ఒక తేడా చెబుతారు. అక్కడ వైకల్యం ఉన్న విద్యార్థి తన కాగితాలు ఒకే కార్యాలయంలో చూపిస్తాడు. అక్కడినుంచి ప్రొఫెసర్‌కు ఉత్తరం వెళుతుంది. ఆ విద్యార్థికి ఎంత అదనపు సమయం ఇవ్వాలో, నోట్సు ఏ రూపంలో ఇవ్వాలో అందులో ఉంటుంది. జబ్బు ఏమిటో మామూలుగా ఉండదు. అంత వసతి ఉన్నచోట కూడా, పేరు బయటపడుతుందని, ఊళ్లో తెలిస్తే సంబంధాలు రావని జంకి ఆ గడప తొక్కని తెలుగు పిల్లలున్నారు. ఆ జంకు ఇక్కడ మనం పెట్టి పంపిందే.

ఇంత చెప్పాక తీర్మానం లేకుండా వదలను. మొదటిది, ఈ సదస్సు పత్రాల సంకలనం యూనికోడ్‌లోనే వెలువడాలి. అను ఫాంట్లో వచ్చిన పత్రాన్ని సంపాదకులు తిప్పి పంపాలి. రెండోది, మన తెలుగు శాఖలు ఒక్కొక్కటీ తెలుగు తప్పుల్లేకుండా రాయగల స్క్రైబుల జాబితా తయారుచేసి, వచ్చే సెమిస్టరు నోటిఫికేషన్‌లోపు ఎగ్జామ్ బ్రాంచికి అందించాలి. ఛందస్సు పేపరుకు గుర్తులు పెట్టడం వాళ్లకు అరపూట నేర్పినా చాలు. మూడోది, ఇక్కడున్న రచయితలు తమ పుస్తకాల ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్పించి తమ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వాలి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, దిద్దే ఓపికే కావాలి. నా పుస్తకాల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసి తెచ్చాను, సభ ముగిశాక కార్యదర్శిగారికి ఇస్తున్నాను. మీవి కూడా ఇవ్వండి.