మూడవ నెలలో ఆ ఇంటికి వెళ్ళండి
(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుండి మీరు వేతన నిర్ణయం గురించి, బదిలీల గురించి, క్రమశిక్షణా చర్యల గురించి విన్నారు. నాకు అప్పగించిన విషయం కుటుంబ పెన్షన్, కారుణ్య నియామకం. దానిలోనికి ప్రవేశించే ముందు ఆ కాగితాల వెనుకనున్న దుఃఖాన్ని గురించి కొంత చెప్పదలచుకున్నాను. అది ఇంటి విషయమనీ, సంఘానికి సంబంధం లేదనీ నేనూ చాలాకాలం అనుకున్నవాడినే.

నేను శాఖా కార్యదర్శినైన తొలి రోజులలో మా సెక్షన్‌లో ఒక ట్రాక్‌మన్ పనిలో ఉండగా బండి తగిలి మరణించాడు. మూడవనాడు నేను ఫారాల కట్టతో వారి క్వార్టరుకు వెళ్ళాను. ఆలస్యమైతే కుటుంబం నష్టపోతుందన్నది నా ఆత్రుత. ఆయన భార్య నేను చూపించిన చోటల్లా సంతకం చేసింది. అంతా అయిన తరువాత ఒక్కటే అడిగింది: "అన్నా, ఆయన క్యారియరు ఎక్కడున్నది?" నా వద్ద సమాధానం లేదు.

ఆ క్యారియరు గ్యాంగు పనిముట్ల పెట్టెలో ఉన్నది. ఆనాడు ఆయన ప్రక్కనే పనిచేసిన సహచరుడు దానిని కడిగి, తుడిచి, దాచి ఉంచాడు. తీసుకొని ఆ ఇంటికి వెళ్ళే ధైర్యం అతనికి చాలలేదు. తాను బ్రతికి ఉండడమే నేరమైనట్లు ఆ వీధినే మానుకొని తిరిగాడు. అతనిని వెంటబెట్టుకొని వెళ్ళడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆమె నిందించలేదు. ఆ ఉదయం ఆయన అన్నం తిన్నాడా అని అడిగింది. తిన్నాడనీ, గేటు వద్ద టీ త్రాగుతూ పెద్దపిల్ల బడి సంగతి చెప్పాడనీ అతడు చెప్పాడు. ఇద్దరూ ఏడ్చారు. నేను మొదటిరోజే చేయించవలసిన పని అది.

పెద్దకర్మ వరకు ఇంటినిండా జనమే. చందా వసూలు చేస్తాము, సంతాప తీర్మానం చేస్తాము, సెలవు తీసుకుంటాము. మూడవ నెలకు బంధువులు ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళిపోతారు. క్వార్టరు ఖాళీ చేయవలసిన గడువు దగ్గర పడుతూ ఉంటుంది. దుఃఖం నిజంగా కాపురం పెట్టేది అప్పుడే. 2020, 2021లలో కరోనాతో పోయినవారి ఇండ్లలో ఆఖరిచూపు కూడా దక్కని వారెందరో ఉన్నారు. ఆ ఇండ్లకు ఇప్పటికీ మనం వెళ్ళవలసిన పని ఉన్నది.

ఇక్కడ మరొక మాట. రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఇన్నేండ్ల తరువాత కూడా మన క్వార్టర్లలో గాజులు పగులగొట్టి బొట్టు చెరిపే తంతు జరుగుతుంటే మనం గుమ్మం బయట తలవంచుకొని నిలబడుతున్నాము. ఆమె వద్దన్నప్పుడు ఆమె పక్షాన నోరు విప్పడం పరుల ఇంటి విషయంలో జోక్యం కాదు. పెన్షన్ నిబంధనలే మనకన్న ముందున్నాయి: సంతానం లేని భార్య పునర్వివాహం చేసుకున్నా, ఆదాయ పరిమితికి లోబడి, కుటుంబ పెన్షన్ కొనసాగుతుంది.

ఆఫీసుల చుట్టూ తిరగడం కూడా దుఃఖంలో భాగమే. ప్రతి బల్ల దగ్గరా "ఎవరు పోయారు? ఎప్పుడు? ధ్రువపత్రం ఏదీ?" అని అడుగుతారు, ప్రతిసారీ ఆమె భర్త మరణాన్ని మొదటినుండి చెప్పుకోవాలి. అందుచేత శాఖ ఒకే మనిషిని నియమించాలి. వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు వద్దకైనా, బ్యాంకుకైనా అతడే వెంట వెళ్ళాలి, అతడే చెప్పాలి. వీలున్నచోట ఒక సోదరిని పంపండి.

ఒక్కటి మాత్రం చేయకండి. "ఉద్యోగం ఖాయమమ్మా" అని అనకండి. కారుణ్య నియామకం హక్కు కాదనీ, ఆకస్మికంగా వచ్చిపడిన కష్టాన్ని గట్టెక్కించడానికేననీ సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. తపాలాశాఖలో 5 శాతం పరిమితి ఉన్నది. ఆ మాట నమ్మి సంవత్సరాల తరబడి ఎదురుచూసిన పిల్లలను నేను చూశాను. గ్రామీణ డాక్ సేవకుల కుటుంబాలకైతే మన పెన్షన్ నిబంధనలే వర్తించవు. అది దుఃఖం కాదు, అన్యాయం. దానిపై పోరాటం వేరుగా సాగవలసి ఉన్నది.

భార్యను పోగొట్టుకున్న మగవాడి సంగతి మనం అసలే తలచుకోము. "ధైర్యంగా ఉండు" అని భుజం తట్టి, రాత్రి డ్యూటీకి పంపుతాము. అతడు ఖాళీ ఇంటికి తెల్లవారి చేరుకొని ఏమి చేస్తాడు? కొందరు సీసా పట్టారు. కొన్నాళ్ళు అతని రాత్రి డ్యూటీలు మనం పంచుకోవచ్చు, అతనిని భోజనానికి పిలవవచ్చు. నిద్ర, తిండి పూర్తిగా మాని, బ్రతకాలని లేదన్న మాట అన్నాడంటే ఒంటరిగా వదలకండి, వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక ఫారాల సంగతికి వస్తాను. దానికి ముందు, గత సంవత్సరం మీ మీ శాఖలలో మరణించిన వారి పేర్లు మీ పుస్తకాలలో వ్రాయండి. ప్రతి పేరుకు ఎదురుగా, ఆ ఇంటికి మనవారు చివరిసారి ఏ నెలలో వెళ్ళారో వ్రాయండి. తెలియకపోతే ఖాళీగానే ఉంచండి. భోజన విరామానికి ముందు అందరివీ చూద్దాము.