జెంటూ: పేరు పాతది, పద్ధతి క్రొత్తది
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



'జెంటూ' అను మాట మన చెన్నపట్టణమునకు క్రొత్త గాదు. ఆంగ్లేయులు ఒకప్పుడు తెలుగువారిని, తెలుగుభాషను ఆ పేరుతోనే పిలిచిరి. 1816లో ఇచ్చట అచ్చయిన క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణము పేరులోనే ఆ మాట కలదు. నేడు అదే పేరు గల కంప్యూటరు వ్యవస్థ యొకటి యున్నది. దానికా పేరు మనవలన రాలేదు. జెంటూ అను పెంగ్విన్ పక్షివలన వచ్చినది. అయినను అందలి పద్ధతి మన యువకులు తెలిసికొనదగినది.

1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెలును వెలువరించెను. యంత్రమునకును ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని నడపునదే కెర్నెల్. దానికి వలయు ప్రోగ్రాములను జతపరచి యిచ్చు కూర్పును డిస్ట్రిబ్యూషను అందురు. మన నగరమందలి సీడాక్ సంస్థ రూపొందించగా 2007లో వెలువడిన 'బాస్' అట్టిదే. అందు ప్రోగ్రాములు వండి వడ్డించిన భోజనమువలె సిద్ధముగా వచ్చును. డేనియల్ రాబిన్స్ ఆరంభింపగా 2002లో 1.0గా వెలువడిన జెంటూ తీరు వేరు. ఇందు మూలపాఠమును, దానిని సిద్ధపరచు విధానమును వచ్చును. వంట మన యంత్రముననే జరుగవలెను. ఆ పని నడపు సాధనము పేరు పోర్టేజ్.

ప్రతి ప్రోగ్రామునకును పెక్కు వెర్షనులుండును. క్రొత్త వెర్షను మొదట పరీక్షాశాఖలో నుండి, సాధారణముగా 30 దినములు దోషము కనబడనిచో స్థిరశాఖకు చేరును. ఏ శాఖను గైకొనుట యన్నది యజమాని యిష్టము. సామాన్యముగా క్రొత్తది పాతదాని స్థానము నాక్రమించును. కాని కొన్నింటికి 'స్లాటు' అను వేరు వేరు గదులు కలవు, పైథాన్ 3.11, 3.12 ఒకే యంత్రమున కలిసి కాపురము చేయగలవు.

కెర్నెలుకు ఈ యేర్పాటు ప్రాణప్రదము. ప్రతి వెర్షను మూలపాఠమునకును ప్రత్యేక స్థానము కలదు. అది దిగినంతమాత్రమున యంత్రము మారదు. యజమాని దానిని ఎంచుకొని, తన యంత్రమునకు తగినట్లు అమర్చి, కంపైలు చేసి, ప్రారంభ పట్టికలో చేర్చవలెను. క్రొత్త కెర్నెల్ మొండికేసినచో, పట్టికలో మిగిలియున్న పాతదానితో యంత్రమును లేపవచ్చును. తొందరపడి పాతదానిని తుడిచివేసినవాని గతి యేమి? తాతలనాటి దస్తావేజుల ప్రతులు, కుటుంబపు లెక్కలు లోపలనే యుండియు, వలసిన దినమున చేతికందవు.

ఈ స్వాతంత్ర్యమునకు వెల లేకపోలేదు. పాత యంత్రముపై పెద్ద ప్రోగ్రాము కంపైలగుటకు గంటలు పట్టును. అందుచేత 2020లో కెర్నెల్ నిర్మాణమును తామే నడపు ప్యాకేజీలను, 2023 డిసెంబరులో పెక్కు సిద్ధ ప్యాకేజీలను జెంటూవారు సమకూర్చిరి. ఓపిక గలవారు వండుకొనవచ్చును, లేనివారు తెచ్చుకొనవచ్చును.

యువకులారా! మీ యిండ్లలోని యంత్రము ఏ వ్యవస్థతో నడచినను ఈ క్రమమును పాటింపుడు. మరమ్మతులు ఆగిన పాత కెర్నెలునే పట్టుకొని వ్రేలాడుట ప్రమాదము. దొంగలకు తలుపు తెరచినట్లగును. క్రొత్తదానిని తెండు, కొన్ని దినములు నడపి చూడుడు. అది నిలిచినదని తెలిసిన పిమ్మటనే పాతదానికి సెలవిండు.