మక్కచేనుకు కరెంటు తీగ



పోయిన దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదిమీ గోదావరిఖని నుంచి కారులో జన్నారం అడవి చూడబోయాము. సెలవు నాకే గాని నా కళ్ళకు లేదు. త్రోవ పొడుగునా చేలే చూస్తూ పోయాను. గోదావరి వంతెన దాటి ఇందారం, మంచిర్యాల మీదుగా లక్షెట్టిపేట దాకా పత్తీ, వరీ. దండేపల్లి దాటాక ఒక పక్క కడెం కాలువ కింద ఈనిన వరి, ఇంకో పక్క టేకు. మద్ది, ఇప్ప, మోదుగ, వెదురు కలిసిన అడవి అది. 2012లో దాన్ని కవ్వాల్ పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. పులుల కోసం విడిచిన లోపలి అడవే 892 చదరపు కిలోమీటర్లు.

సరే, అసలు సంగతికి వస్తాను. అడవి అంచున ఒక మక్కచేను దగ్గర సద్ది విప్పుకున్నాము. మా పిల్లవాడు గట్టుమీది గునుగుపూల కోసం ఉరికాడు. "ఆగు బిడ్డా!" అని మంచె మీంచి కేక. చూద్దును గదా, చేను చుట్టూ మోకాలెత్తున గుంజలకు బోసి తీగ!

"పగలు కరెంటు ఉండదు సారూ, పందుల కోసం రాత్రే పెడతాం" అన్నాడు పెద్దాయన.

"ఒకనాడు తీయడం మరిస్తేనో?" అన్నది నా భార్య. ఆయన పలుకలేదు.

ఆయన్ను తప్పు పట్టలేను. మంద ఒక్క రాత్రి దిగితే కంకి అన్నది మిగలదు. అయినా వినండి. స్తంభం నుంచి నేరుగా లాగిన 230 వోల్టుల కరెంటు పట్టుకుంటే విడువదు. పందికీ, పులికీ, చీకటితో నీళ్ళు కట్టబోయే మీ తమ్మునికీ ఒకటే. సౌరవిద్యుత్ కంచె వేరు. అది క్షణకాలం కొట్టి ఆగుతుంది, మళ్ళీ కొడుతుంది. ఆ సందులో జంతువు వెనక్కి తగ్గుతుంది. అది కొనలేనివారు మక్క విత్తేనాడే చుట్టూ నాలుగు సాళ్ళు ఆముదం ఒత్తుగా వేయండి. ఆ వాసనలో మక్క వాసన పందికి తెలియదు. గింజలు మీకు పై రాబడి. రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు కందకమూ మంచిదే గాని వానకు పూడుతుంది, ఏటేటా తీయాలి. ఏ ఒక్కటీ పందిని పూర్తిగా ఆపుతుందని నేను ఒట్టు పెట్టను. పంట పోతే ఆలస్యం చేయక అటవీశాఖ వారికి దరఖాస్తు పెట్టుకోండి.

"వచ్చే ఏటి మాట సరే సారూ, కంకి గట్టిపడే ఈ పదిహేను రాత్రులు?" అన్నాడు పెద్దాయన. న్యాయమైన ప్రశ్నే. క్షౌరశాల నుంచి వెంట్రుకలు తెచ్చి గట్టు వెంట పలుచగా చల్లమన్నాను. పంది నేల వాసన చూస్తూ నడుస్తుంది గదా, ముక్కులో వెంట్రుకలు పోతే బెదురుతుంది. మంచె మీద వంతులవారీగా కావలి మాత్రం తప్పదు.

సాయంత్రం అదే త్రోవన వస్తూ ఆగాము. గుంజలకు ఒక పక్క తీగ లేదు. రెండో పక్కది ఆయన కోడలు చుట్ట చుడుతోంది.