చర్చి అంటే ఎవరు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో కూర్చున్న లెక్కల మాష్టారు ఇప్పటికీ నా వంక అదే చూపు చూస్తున్నారు.

ఎవరి జీవితంలోంచి వాళ్లు ఒక్క విషయం తీసుకుని మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. నిరుడు సంక్రాంతికి కలిసినప్పుడు మా బ్యాచ్ వాడొకడు అడిగాడు, "ఒరేయ్, మీ చర్చి కట్టడం అయిపోయిందా?" అని. "బిల్డింగయితే ఎప్పుడో అయిపోయింది" అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఇవాళ వాడూ సభలో ఉన్నాడు కాబట్టి ఆ జవాబు పూర్తి చేస్తాను.

వాడుకలో మనం చర్చి అంటాం గానీ, మన తెలుగు బైబిల్లో ఉన్న మాట సంఘం. మన పూర్వ విద్యార్థుల సంఘానికి ఏ మాట పెట్టుకున్నామో అదే. గ్రీకు మూలంలో అది ఎక్లేసియా. ఏథెన్సులో పౌరులంతా ఒకచోట చేరే సభను అలా పిలిచేవారు. అపొస్తలుల కార్యములలో ఎఫెసు పట్టణంలో గొడవకు దిగిన గుంపుకీ అదే మాట వాడారు. అక్కడ చాలామందికి తాము ఎందుకు వచ్చారో తెలియదట. మీకు మన జనరల్ బాడీ మీటింగ్ గుర్తొస్తే అది నా తప్పు కాదు.

మొదటి తరాల విశ్వాసులకు ప్రత్యేకమైన కట్టడాలు లేవు. ఇళ్లలో కూడేవారు. అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట్లో ఉన్న సంఘానికి పౌలు వందనాలు చెప్పి పంపాడు. సిరియాలోని దురా యూరోపస్‌లో 1930లలో తవ్వకాలు జరిపితే, సుమారు 240 ప్రాంతంలో ప్రార్థన కోసం మార్చుకున్న ఒక మామూలు ఇల్లు బయటపడింది. జనం పట్టడానికి వాళ్లు చేసిందేమిటంటే, రెండు గదుల మధ్య గోడ తీసేశారు. సివిల్ ఇంజనీరుగా నాకు ఆ వివరం భలే నచ్చుతుంది.

మన దగ్గరికే వద్దాం. మెదక్ చర్చి చూడని వాళ్లు ఇక్కడ తక్కువ. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. మేం ఇంజనీర్లం శిఖరం ఎత్తు చూస్తాం. ఆ చుట్టుపక్కల పెద్దవాళ్లు మాత్రం కరువు రోజుల్లో ఆ పని ఎన్ని పొయ్యిలు వెలిగించిందో చెబుతారు. దోర్నకల్ సంగతి నాకు ఇంకా ఇష్టం. అజరయ్య గారు 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘాల్లో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. అక్కడి కెథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939లో. ఈ మధ్య ఇరవై ఆరేళ్లు ఆయన పని ఎక్కడ జరిగిందంటే పల్లెల్లో, ఎక్కువగా మాల మాదిగ వాడల్లో. తమిళనాడు నుంచి వచ్చిన మనిషి తెలుగు నేర్చుకుని మరీ తిరిగారు.

ఇక మా ఊరి చర్చి. పెంకుల కప్పు, నల్లరేగడి నేల. ఎండాకాలం నేల బీటలు వారితే గోడలూ బీటలు వారేవి. 2009లో కొత్తది కట్టాలని పెద్దలు అనుకున్నారు. డ్రాయింగులు నేనే వేశాను. అండర్ రీమ్డ్ పైల్స్ దింపి, ప్లింత్ బీములు పోయించాను. పదిహేనేళ్లు దాటింది, వెంట్రుకవాసి పగులు లేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పేదాంట్లో గర్వపడేది ఏమీ లేదు.

దాతల పేర్లతో శిలాఫలకం పెట్టాలన్నారు. ఎవరి పేరు ఎక్కడన్న తగువు వచ్చింది. ఐదు వేలు, ఆపైన ఇచ్చినవాళ్ల పేర్లే చెక్కిద్దామని సలహా ఇచ్చింది నేనే. రాయి సైజు, అక్షరాల సైజు లెక్క వేసి చెప్పాను. లెక్క కరెక్టే, మాష్టారూ.

మా ఊళ్లో ఆడవాళ్లు అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి సంఘం కుండలో వేస్తారు. మా అమ్మా వేసేది. కింది వీధిలో ఒక పిన్ని, కూలి దొరకని రోజున కూడా ఆ పిడికెడు మానలేదు. ముప్పై ఏళ్ల బియ్యం. నా లెక్కలో ఆమె ఐదు వేలకు చేరలేదు. ఫలకం పెట్టిన ఆదివారం ఆమె చదువురాని కళ్లతో దాన్ని కాసేపు చూసి, "మా వీధోళ్ల పేర్లు ఏ పక్కనున్నాయి బాబూ?" అని అడిగింది. నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. తర్వాతి వారం నుంచి కింది వీధి కుటుంబాలు పదకొండు రావడం మానేశాయి. పిన్ని గారి పశువుల పాకలో ప్రార్థన పెట్టుకున్నారు. మా కొత్త హాల్లో సగం కుర్చీలు ఖాళీ.

నాలుగేళ్లకు మా నాన్నగారు పోయారు. రాత్రి రెండు గంటలు, వాన. నేను హైదరాబాదు నుంచి చేరేసరికి వాకిట్లో టార్పాలిన్ కట్టి ఉంది. సమాధి తవ్వుతున్నది కింది వీధి పిల్లలు. పిన్ని మా అమ్మను పట్టుకుని కూర్చుంది. నన్ను చూసి, "టీ తాగు నాయనా, దూరం నుంచి వచ్చావు" అంది. ఇంకే మాటా అనలేదు.

పెద్దకర్మ అయ్యాక పాకకు వెళ్లి క్షమాపణ అడిగాను. పెద్దలతో మాట్లాడి ఫలకం తీయించాను; ఇద్దరు దాతలకు కోపం వచ్చింది, ఒకాయన ఇప్పటికీ పలకరించడు. పదకొండు కుటుంబాల్లో ఏడు తిరిగి వచ్చాయి. నాలుగు రాలేదు, వాళ్లకు పాకలోనే బాగుందట. నేను ఊరెళ్లినప్పుడు ఒక ఆదివారం ఇక్కడ, ఒక ఆదివారం అక్కడ కూర్చుంటాను. పిన్ని ఇప్పుడు లేదు. కుండ ఆమె కోడలు చూస్తోంది.

అందుకేరా, బిల్డింగ్ అయిపోయింది, చర్చి ఇంకా కడుతున్నాం అన్నది.

మన బడిలో కొత్త ఆడిటోరియం డ్రాయింగులు నన్ను వేయమన్నారు. వేసి తెచ్చాను, భోజనాల తర్వాత చూడండి. ప్రవేశద్వారం పక్క గోడ మీద ఫలకానికి చోటు చూపించలేదు. మరిచిపోయాననుకుంటారేమో, మరిచిపోలేదు.