ఎదోము సీమ

మృత సముద్రమునకు దక్షిణముగా, అకాబా సింధుశాఖ వైపునకు సాగిన మెరక సీమను హీబ్రూ గ్రంథములు ఎదోమని పేర్కొన్నవి. ఆ నామమున ఎరుపను అర్థము కలదు. అచ్చటి ఇసుకరాతి కొండలును ఎఱ్ఱనివే. నేడది చాలవరకు జోర్డాను దేశపు దక్షిణభాగము.

పటము విప్పి చూతము. పడమట అరబా లోయ, తూర్పున ఎడారి. నడుమ, పలుచోట్ల 1500 మీటర్లు మించిన కొండవరుసపైననే శీతకాలపు వానలు కొంత కురియును. ఊళ్లును, పైరులును, రాజమార్గమును ఆ నీటి నాశ్రయించియే వెలసినవి.

సంఖ్యాకాండము 20వ అధ్యాయమున ఇశ్రాయేలీయులు ఆ మార్గమున పోనిమ్మని వేడిరి. బావినీరు త్రాగమనిరి, త్రాగినచో వెల యిత్తుమనిరి. ఎదోము రాజు సమ్మతింపక సేనతో ఎదురు వచ్చెను. ఆ కాఠిన్యమును మనము గర్హింపవచ్చును. కాని వేసవిలో బావియొద్ద వంతుకు నిలిచిన మనకు ఆ రాజు భయము తెలియనిది కాదు.