గ్రంథాలయమునకు తగిన కంప్యూటరు



1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. విద్య కొందరి సొత్తు కారాదనుటయే ఆ ఉద్యమ సారము. నేడు గుణదల గ్రంథాలయమున కంప్యూటరు నెలకొల్పునపుడును ఇదే సూత్రము వర్తింపవలెను.

కంప్యూటరును నడపు విండోస్ యొక్క మూలరచన మైక్రోసాఫ్టు కంపెనీ గుప్పిటనే యున్నది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియగా, చక్కగా పనిచేయు పాత యంత్రములెన్నో విండోస్ 11కు అర్హములు కాకపోయినవి.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సు అట్లు కాదు. అది తెరచిన గ్రంథము. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ దానిని తెలుగులో నందించినది.

క్రొత్త అలవాటు కొంత శ్రమయే. అయినను పాత యంత్రమును మూలకు ద్రోయక, ముందు దానియందు లినక్సును నెలకొల్పి చూచుట మేలు. గ్రంథాలయపు తాళపుచెవి గ్రామస్థుల చేతనే యుండవలెను గదా!