జేబు ఖర్చు నిజంగా తగ్గిందా?

జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2013-14లో మన దేశపు మొత్తం ఆరోగ్య వ్యయంలో 64.2 శాతం జనం సొంత జేబులోంచే పెట్టారు. 2021-22కి అది 39.4 శాతానికి దిగింది. దీన్ని ఘనతగా చెప్పుకునేవారున్నారు, బూటకమని కొట్టిపారేసేవారూ ఉన్నారు. రెండు పక్షాలూ మధ్య సంవత్సరాల పట్టికను తిరగేసినట్టు లేదు. 62.6, 60.6, 58.7 అంటూ ఏటా సుమారు రెండేసి శాతం పాయింట్ల చొప్పున జారుతూ వచ్చిన అంకె 2017-18లో ఒక్కసారిగా 48.8కి పడింది. ఆయుష్మాన్ భారత్ బీమా మొదలైంది 2018 సెప్టెంబరులో, అంటే ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక. ఆ ఏడు మారింది లెక్కకు ఆధారమైన సర్వే. అంతవరకు జాతీయ నమూనా సర్వే 71వ విడత (2014) ఆధారం, ఆపైన 75వ విడత (2017-18).

ఈ రెండు సర్వేలనూ పక్కపక్కన పెడితే అసలు చిక్కు బయటపడుతుంది. గడచిన 15 రోజుల్లో జబ్బు చేసిందని చెప్పినవారు 2014లో పల్లెల్లో 8.9 శాతం, పట్టణాల్లో 11.8 శాతం. తర్వాతి విడతలో 6.8, 9.1 శాతమే. జబ్బు చెప్పనివారి పద్దు సున్నా. మూడేళ్లలో దేశం అంత ఆరోగ్యవంతమైందని నేను నమ్మలేను. మరణాల రేటు తక్కువైన కేరళలో జబ్బులు ఎక్కువ నమోదవడాన్ని ఆర్థికవేత్త అమర్త్యసేన్ 2002లోనే ఎత్తిచూపారు. వైద్యుడు అందుబాటులో ఉన్నచోటే జబ్బుకు పేరుంటుంది, ఖర్చుకు రసీదుంటుంది. డబ్బులేక డాక్టరు దగ్గరకు వెళ్లని కూలీ మన లెక్కల్లో ఖర్చులేని మనిషి. కాబట్టి ఖర్చు అంకెను చికిత్స పొందినవారి అంకెతో కలిపి తప్ప విడిగా చదవకూడదన్నదే నా వాదన.

అలాగైతే తగ్గుదలంతా సర్వే మాయేనా అంటే, కాదు. అదే కాలంలో ప్రభుత్వ వాటా 28.6 నుంచి 48 శాతానికి పెరిగింది. చివరి రెండేళ్లూ కోవిడ్ కాలమన్నది మరువకూడదు గాని, పెరుగుదల మాత్రం అంతకుముందే మొదలైంది.

మరి జ్ఞాపకం మీద చెప్పే సర్వేల కన్నా బీమా క్లెయిముల రికార్డు నమ్మదగినది కాదా? ప్రభుత్వం ఆస్పత్రికి ఎంత చెల్లించిందో అది కచ్చితంగా చెబుతుంది. కాని ఆస్పత్రిలో చేరకముందు తిరిగిన ఓపీలు, బయట కొన్న మందులు, పోయిన కూలి అందులో ఉండవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య బీమా పథకం ఆరోగ్యశ్రీనే చూడండి. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై మిగతా జిల్లాలకు దశలవారీగా విస్తరించింది. అందువల్లే పథకం ముందు చేరిన జిల్లాలనూ తర్వాత చేరినవాటినీ పోల్చే వీలు కలిగింది. పరిశోధకులు విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ 2012లో ఆ పని చేసి, ఆస్పత్రిలో చేరినప్పటి సొంత ఖర్చు తగ్గిందని తేల్చారు. వారు ఆధారపడింది క్లెయిముల మీద కాదు, ఎవరైనా తీసుకోగల జాతీయ నమూనా సర్వే కుటుంబ వ్యయ వివరాల మీద. క్లెయిములను కూడా పేర్లు, చిరునామాలు తీసేసి అలాగే బయటపెడితే, ఒకే చికిత్సకు ప్రభుత్వం కట్టినదెంతో కుటుంబం కట్టినదెంతో జిల్లాల వారీగా పక్కపక్కన పెట్టి చూడవచ్చు. గోప్యత పేరిట దాన్ని ఆపడంలో పస లేదు. సర్వే వివరాలు పేర్లు లేకుండానే ఏళ్ల తరబడి బయటికి వస్తున్నాయి కదా.